క్రాస్‌బోకు ఏ అలుగు కొనాలి? ముందు మనం ఏ నేల మీద ఉన్నామో చూసుకుందాం

అమెరికాలో ఉన్న బావ వేటకు క్రాస్‌బో వాడతాడు, ఇక్కడ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది, దానికి ఏ బాణాలు, ఏ బ్రాడ్‌హెడ్లు తీసుకోవాలి? హోసూరు, బళ్లారి వైపు కుర్రాళ్లు ఈ మధ్య మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఇది. ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి సరుకు గురించి, రెండోది చట్టం గురించి. అమ్మేవాళ్లు మొదటిదానికే జవాబు చెబుతారు. మేం రెండూ చెబుతాం.

బ్రాడ్‌హెడ్ అంటే కొత్త వస్తువేమీ కాదు, మన అలుగే. కాకపోతే బ్లేడులా పదునుపెట్టిన ఉక్కు రెక్కలుంటాయి. క్రాస్‌బో బాణం పొట్టిది, ఎక్కువగా 20 లేదా 22 అంగుళాలు. బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. అమెరికా వేటగాళ్లు వాడే బాణం అలుగుతో కలిపి 400 గ్రెయిన్లకు అటూ ఇటూ ఉంటుంది, అంటే సుమారు 26 గ్రాములు. విల్లు తయారీదారు చెప్పిన కనీస బరువుకన్నా తేలికైనది పెడితే బాణానికి చేరాల్సిన శక్తి విల్లులోనే మిగిలిపోతుంది. కొమ్ములు పగలొచ్చు, అల్లెతాడు తెగొచ్చు. బాణం వెనక నారికి ఆనే నాక్‌లోనూ రకాలున్నాయి: చదునైనది, అర్ధచంద్రాకారంలో గాడి ఉన్నది, నారిని పట్టి ఉంచేది. విల్లుకు ఏది చెబితే అదే వాడాలి. తప్పుడు నాక్ పెడితే నారి బాణం మీదుగా జారిపోతుంది. ప్రమాదాలకు అదొక పెద్ద కారణం.

అలుగుల్లో రెండు తెగలు. రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉండేది ఒకటి, జంతువుకు తగిలినప్పుడు విచ్చుకునేది ఇంకొకటి. విచ్చుకునేది గాలిలో సాధన ములికిలాగే తిన్నగా పోతుంది, కానీ తెరుచుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుంది, ఏటవాలుగా తగిలితే జారిపోవచ్చు. తెరిచి ఉండేది గట్టిది, నమ్మకమైనది. అయితే క్షణానికి 400 అడుగుల వేగంలో దాని రెక్కలే చుక్కానిలా పనిచేసి బాణాన్ని పక్కకు లాగుతాయి. అందుకే తెలిసినవాళ్లు 100 గ్రెయిన్ల అలుగు వాడదలిస్తే సాధన కూడా 100 గ్రెయిన్ల ములికితోనే చేస్తారు, చివర్లో అసలు అలుగుతో మళ్లీ గురి సరిచూసుకుంటారు. మిగతా సామాను సంగతి చిన్నదే: విల్లు ఎక్కుపెట్టే శ్రమను సగం చేసే తాడు, నారికి మైనం, అలుగు బిగించే రెంచి, మూత ఉన్న అమ్ములపొది. బొటనవేలు నారి దారిలోకి రాకూడదు, దానికి ఏ సామానూ కాపలా కాయదు.

ఇంత లెక్క ఎందుకంటే తుపాకీ గుండులా బాణం దెబ్బ అదురుతో చంపదు, రక్తం కారడం వల్ల చంపుతుంది. అలుగు మొద్దుబారితే జింక గాయంతో పారిపోయి రోజుల తరబడి చస్తుంది. కనుకనే అక్కడ ప్రభుత్వాలు అలుగు వెడల్పును కూడా నిర్ణయించాయి. న్యూయార్క్ రాష్ట్రంలో కనీసం 7/8 అంగుళం, ఒహాయోలో ముప్పావు అంగుళం. ఆరెగాన్ రాష్ట్రం క్రాస్‌బో వేటనే ఒప్పుకోదు. బావగారి సరదా వెనక లైసెన్సు, సీజను, ఇన్ని కొలతలూ ఉన్నాయి.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఇక్కడ అమ్మేవాళ్లు ఆయుధాల నిబంధనల్లోని కొలత చూపిస్తారు: 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తులకే లైసెన్సు గొడవ అని. ఆ వాదన నిలిచినా నిలవకపోయినా, వన్యప్రాణి చట్టం ముందు అది అక్కరకు రాదు. 1972 నాటి ఆ చట్టంలో ఆయుధం అనే మాట నిర్వచనంలోనే విల్లూ బాణాలూ ఉన్నాయి, అంగుళాల ప్రసక్తి లేదు. సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. గురిపెట్టి తప్పినా, ప్రయత్నించడమే వేట కిందికి వస్తుంది. సెక్షన్ 31 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగే పెట్టకూడదు.

మనవాళ్లున్న ఊళ్లకు ఈ అడవులేమీ దూరం కాదు. హోసూరు వాళ్లకు కావేరి ఉత్తర అభయారణ్యం, బళ్లారి వైపు వాళ్లకు దరోజీ ఎలుగుల అడవి, సిరోంచ వాళ్లకు చప్రాలా, పర్లాకిమిడి వాళ్లకు లఖారి లోయ, యానాం పక్కనే కోరింగ. కారు డిక్కీలో క్రాస్‌బో పెట్టుకుని సరదాకు వెళ్లినవాడికి చెక్‌పోస్టు దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. 2022 సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మొదటి షెడ్యూలు జంతువునో, అభయారణ్యంలోనో వేటాడితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25 వేల జరిమానా. వేటకు వాడి పట్టుబడ్డ వాహనం, ఆయుధం సర్కారు సొత్తవుతాయి.

మల్కన్‌గిరి కోయల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. విజ్జె పండుమ్‌లో మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం వాళ్ల ఆచారం. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులను ఒప్పుకుంటూనే, వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. తరాలుగా అడవిలో ఉన్నవాడి వెదురు విల్లుకే లేని వెసులుబాటు, కార్డు గీకి కొన్న క్రాస్‌బోకు ఎక్కడ నుంచి వస్తుంది? అయినా పండగ విల్లు మీద పడే చూపు, ఫ్లాట్ గోడకు వేలాడే ఖరీదైన విల్లు మీద పడదు. అది మాకు న్యాయంగా అనిపించదు.

పందులు పంట తినేస్తుంటే ఏం చేయాలని రైతులు అడుగుతారు. న్యాయమైన బాధే. ప్రాణానికీ పంటకూ ముప్పు తెచ్చే జంతువును చంపే అనుమతి సెక్షన్ 11 కింద వస్తుంది, కానీ అధికారి ఇవ్వాలి. ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి, నష్టపరిహారానికీ అదే ఆధారం. సొంతంగా బాణం వేస్తే గాయపడ్డ పంది మరుసటి ఉదయం కూలికి వెళ్లే ఆడవాళ్ల మీద పడుతుంది.

గురి సరదా ఉన్న పిల్లలకు దారి లేకపోలేదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్ విల్లుతోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ చేరింది. క్రాస్‌బోకు అక్కడ చోటు లేదు. డబ్బు పెట్టేదుంటే కోచ్ ఉన్న ఆర్చరీ మైదానం ఫీజుకు పెట్టండి. క్రాస్‌బో ఇప్పటికే ఇంట్లో ఉంటే సాధన ములికులు మాత్రమే, వెనక గట్టి గోడ ఉన్న చోట, పెద్దవాళ్ల ఎదుట వాడండి. వచ్చే సంక్రాంతికి బావ వస్తూ ఏం తేవాలని అడిగితే, అలుగుల డబ్బా అక్కడే వదిలి రమ్మనండి.