కప్పల జబ్బు: పల్నాడు రైతులు తెలుసుకోవాల్సినవి, చేయాల్సినవి

తొలకరి పడ్డాక మీ కుంటలో కప్పల బెకబెకలు మునుపటికంటే తగ్గాయా? ప్రపంచమంతటా కప్పలు తగ్గుతున్నాయి. అందుకు ఒక పెద్ద కారణం అంటు జబ్బు. అది మన పొలాలకు ఎంత ప్రమాదమో, మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం.

ఏమిటీ జబ్బు?

కైట్రిడ్ అనే శిలీంధ్రం నీటి ద్వారా వ్యాపించి కప్ప చర్మానికి పడుతుంది. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే. చర్మం దెబ్బతింటే ఒంట్లో లవణాలు తగ్గి, చివరికి గుండె ఆగిపోతుంది. ఈ జబ్బు వల్ల 501 జాతుల ఉభయచరాలు తగ్గిపోయాయని, వాటిలో 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇది మనుషులకు, పశువులకు సోకదు.

కప్పలు పోతే నష్టం మనుషులకూ ఉంటుంది. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామా దేశాల్లో ఈ జబ్బుతో కప్పలు పోయిన ప్రాంతాల్లో మలేరియా కేసులు పెరిగాయని 2022లో ఒక అధ్యయనం తేల్చింది.

మన దగ్గర పరిస్థితి

పడమటి కనుమల కప్పల్లో ఈ శిలీంధ్రం ఉన్నట్లు 2011లోనే నమోదైంది. దీన్ని గుర్తించే కొత్త పరీక్షను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2025లో వెల్లడించారు. అయితే అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో జరిగినట్లు గుంపులుగా చావులు మన దేశంలో కనిపించలేదు.

మనకు ఎండ కూడా కొంత కాపు. ఈ శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. 28 దాటితే దాదాపు ఆగిపోతుంది. రెంటచింతల ఎండల్లో అది నిలవడం కష్టం. కానీ కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉండే చల్లదనం దానికి అనువైనదే.

కాబట్టి మీ పొలంలో కప్పలు తగ్గితే వెంటనే జబ్బు అనుకోవద్దు. ముందు నీళ్లలోకి ఏం పోతోందో చూడండి. మిరప, పత్తి మీద మనం ఎక్కువ మందులు కొడతాం. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఎన్నిసార్లు కొట్టామో మీకు తెలుసు. ఆ మందు వానకు కుంటలోకే దిగుతుంది. పైగా మందు, జబ్బు ఒకదానికొకటి తోడవుతాయి. మొక్కజొన్నలో కలుపుకు వాడే అట్రజిన్ కలిసిన నీళ్లలో కొద్ది రోజులు ఉంచిన తోకకప్పలు, తర్వాత ఈ శిలీంధ్రం సోకినప్పుడు ఎక్కువగా చనిపోయాయని 2013లో వెలువడిన ప్రయోగం చెబుతోంది.

కప్పతో రైతుకేం లాభం?

లద్దె పురుగు పగలు మట్టిపెళ్లల కింద దాగి రాత్రి బయటికి వస్తుంది. కప్ప మేతకు తిరిగేదీ రాత్రే. రెక్కల పురుగులను, మిడతలను, దోమలను కూడా తింటుంది. కప్పలున్నాయని మందు పూర్తిగా మానమని చెప్పడం లేదు. ఖర్చు లేకుండా పనిచేసే కూలీని పోగొట్టుకోవద్దు అంటున్నాను.

రైతులు చేయాల్సినవి

• స్ప్రే ట్యాంకును కాలువలో, కుంటలో కడగొద్దు. కడిగిన నీళ్లను నీటి వనరులకు దూరంగా బీడు మీద పోయండి. ఖాళీ డబ్బాలను నీళ్లలో పడేయొద్దు.
• వాన వచ్చేలా ఉంటే మందు కొట్టడం వాయిదా వేయండి. అలా చేస్తే మందు కూడా వృథా కాదు.
• లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు పెట్టి, పురుగు ఉధృతి చూశాకే మందు కొట్టండి.
• కుంట చుట్టూ రెండు మూడు గజాలు గడ్డి వదిలి, అక్కడ కలుపు మందు కొట్టొద్దు.
• తొలకరి మడుగుల్లో తోకకప్పలు కనిపిస్తే, వాటికి కాళ్లు వచ్చేదాకా కొన్ని వారాలు ఆ నీళ్లను కదపొద్దు.
• ఒక చెరువులో వాడిన వలలు, బూట్లు బాగా ఎండబెట్టాకే మరోచోట వాడండి. ఎండితే ఈ శిలీంధ్రం చస్తుంది.
• ఒకేచోట ఎక్కువ కప్పలు చచ్చి కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టుకోకండి. ఫొటో తీసి, ఈ మధ్య దగ్గరలో ఏ మందు కొట్టారో రాసుకుని, రైతు సేవా కేంద్రం సిబ్బందికి తెలపండి.

జబ్బును ఆపడం ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. కుంటలోకి మందు పోకుండా ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.