యంత్రం మీద గడిచిన ఆయువు

భారీ యంత్రాల ఆపరేటరు దీర్ఘకాలం జీవించడం అభినందించవలసిన విషయమే. కాని ఆ వార్ధక్యపు భారాన్ని ఎవరు మోస్తున్నారో కూడా విచారించాలి. అండమాన్ నికోబార్ దీవులలోని తెలుగు కార్మికుల స్థితి ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా సుమారు 3.80 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చిన కుటుంబాలవారు. చేపల వేటలోను, కట్టడపు పనులలోను స్థిరపడినవారు అనేకులు. మట్టిపనిలో హెల్పర్లుగా చేరి, యంత్రాలకు గ్రీజు పెట్టి, డీజిలు మోసి, డోజరు, రోలరు నడిపే స్థాయికి ఎదిగినవారు కొందరు.

1970వ దశకంలో దట్టమైన అడవిని చీల్చి అండమాన్ ట్రంక్ రోడ్డు వేసినపుడు యంత్రాల మీద కూర్చున్నది శ్రామికులే. ఆ రోడ్డు జారవాల నివాసభూమి గుండా పోవడం అన్యాయమే. ఆ భాగాలను మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే దారి గీసినది ఆపరేటరు కాడు. బాధ్యత పాలకులది, చెమట, ప్రమాదం ఆపరేటరువి.

ఆపరేటరుకు ఇతర కూలీలకన్న వేతనం ఎక్కువ గదా అని కాంట్రాక్టర్లు వాదిస్తారు. ఎక్కువే. కాని ఆ వేతనం నడుము నిలిచినంతకాలమే. స్ప్రింగులు పోయిన సీటు మీద, ఇంజను హోరులో ఇరవై ఏండ్లు గడిపినవాని వెన్నెముక, వినికిడి ముందుగానే వృద్ధాప్యం పొందుతాయి. ఆ సంపాదనతోనే పిల్లల చదువు, కుమార్తెల పెండ్లిండ్లు, స్వగ్రామంలోని తల్లిదండ్రుల పోషణ జరగాలి. తన వైద్యాన్ని అతడు చివరికి వాయిదా వేస్తాడు.

ఇంతకన్న పెద్ద అన్యాయం కాగితాలలో ఉన్నది. 1995 పింఛను పథకం క్రింద నెలవారీ పింఛనుకు పది సంవత్సరాల సర్వీసు కావాలి. కాంట్రాక్టరు మారినపుడల్లా చందా తెగిపోతే, ముప్పది ఏండ్లు లీవరు పట్టినవానికి పదేండ్ల లెక్క కూడా తేలదు. తేలినా 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు మాత్రమే. నలిగిన మస్టరు చీటీలతో సంఘ కార్యాలయానికి వచ్చే వృద్ధులను మేము దశాబ్దాలుగా చూస్తున్నాము. పని చేసినట్లు యంత్రం చెప్పదు, కాంట్రాక్టరు చెప్పడు.

ప్రభుత్వ పనులలోని దినసరి మజ్దూర్ల కథ కూడా సుఖాంతం కాదు. దీవులలో వారికి రావలసిన వేతన ప్రయోజనాలపై ఇచ్చిన ఆదేశాన్ని అమలు జరపనందుకు 2023 ఆగస్టు 3న కలకత్తా హైకోర్టు ఉన్నతాధికారులపై తీవ్ర చర్య తీసుకున్నది. మరునాడే సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసింది. కోర్టు విజయం కార్మికుని చేతికి అందేలోగా ఎన్ని మెట్లు ఎక్కాలో ఇది తెలుపుతున్నది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురు వలస కార్మికులున్న సంస్థలకే వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. చిన్న కాంట్రాక్టరు వద్ద పనిచేసే ఆపరేటరు రక్షణ నుండి జారిపోవడానికి ఇది చాలు.

కావున మేము కోరుతున్నవి ఇవి: (1) కాంట్రాక్టరు మారినా తెగిపోని సర్వీసు రికార్డు ప్రతి ఆపరేటరుకు ఇవ్వాలి. (2) యజమాని ఖర్చుతో ఏటా వెన్నెముక, వినికిడి పరీక్షలు జరపాలి. (3) వలస కార్మికుల పరిమితిని తిరిగి అయిదుకు తగ్గించాలి. (4) కనీస పింఛను కుటుంబ పోషణకు సరిపోయేంతగా పెంచాలి.

చట్టం మారేవరకు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. దీవులలోని శాఖలు ప్రతి ఆపరేటరు పనిచేసిన చోట్లను, సంవత్సరాలను, సాక్షుల పేర్లను వెంటనే నమోదు చేయాలి. తోటివారు జీవించి ఉండగానే ఆ సాక్ష్యాన్ని సేకరించాలి.