కుందేలుకు గడ్డ లేస్తే ఆగొద్దు

పెంపుడు కుందేలు గడ్డం నిమురుతుంటే దవడ కింద చిన్న గట్టి ఉండ వేలికి తగులుతుంది. తింటోంది, ఆడుతోంది కదా అని ఇంట్లోవాళ్లు కాస్త పసుపు రాసి ఊరుకుంటారు. కుక్కకో పిల్లికో లేచిన గడ్డ పగిలి, చీము కారి మానిపోవడం చూసినవాళ్లు ఇదీ అంతేననుకుంటారు. కుందేలు విషయంలో ఆ లెక్క తప్పు.

కుందేలు చీము టూత్‌పేస్టులా చిక్కగా ఉంటుంది, దానంతటది కారదు. చుట్టూ మందపాటి పొర కట్టుకుంటుంది కాబట్టి పైపైన కోసి పిండితే మళ్లీ నిండుతుంది. చాలాసార్లు పొరతో సహా తీయాల్సిందే. దవడ గడ్డకైతే మూలం తరచూ పంట్లో ఉంటుంది. కుందేలుకున్న 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. క్యారెట్లు, బిస్కెట్లు, గింజలతో పెరిగిన కుందేలుకు పళ్లు వంకరపోయి, వేళ్లు దవడ ఎముకలోకి దిగి చీము పడుతుంది. అందుకే తల ఎక్స్‌రే తీయకుండా దవడ గడ్డను కోయడం సగం వైద్యమే.

ఆడ కుందేలు సంగతి ఇంకా కీలకం. గర్భసంచి తీయించకపోతే మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. రొమ్ముల దగ్గరా గడ్డలు వస్తాయి. గడ్డలన్నీ ప్రాణాంతకం కావు, నిజమే. కానీ ఏది ఏమిటో సూదితో నమూనా తీసి పరీక్షించకుండా కంటిచూపుతో చెప్పడం డాక్టరుకూ కష్టమే. పైగా కుందేలు వేటాడే జంతువులకు ఆహారమయ్యే జీవి. నొప్పిని దాచుకోవడం దాని స్వభావం, బాధ బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

డాక్టరు దొరికినా, కుక్కలకిచ్చే మందులే ఇస్తారేమోనన్న భయం మిగులుతుంది. కుక్కలకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ నోటిద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం పోవచ్చు. క్లిండామైసిన్ కూడా అంతే. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పట్టించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. పేలకు, గోమార్లకు కుక్కల మీద చల్లే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు విషమే. ఆపరేషన్‌కు ముందు కుక్కను పస్తుంచుతారు. వాంతి చేసుకోలేని కుందేలును అలా మాడిస్తే పేగుల కదలిక ఆగిపోవచ్చు.

మన పశువైద్య వ్యవస్థ ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల చుట్టూ ఎదిగింది. రైతు బతుకు వాటిమీద ఆధారపడింది కనుక అందులో తప్పు లేదు. కానీ నగరాల్లోని పెట్ షాపులు పసిపిల్లలకు బొమ్మల్లా కుందేళ్లను అమ్ముతున్నప్పుడు వాటి వైద్యం గురించి ఎవరో ఒకరు ఆలోచించాలి. 2018 నాటి పెట్ షాపుల నిబంధనలు కుందేలును పెంపుడు జంతువుగా గుర్తించాయి, దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలన్నాయి. అమ్మేవాడికి నిబంధనలున్నాయి, జబ్బుపడ్డ ప్రాణికి దారేది? తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు కుందేళ్లలాంటి చిన్న జంతువుల వైద్యంలో ప్రాక్టీసు డాక్టర్లకు స్వల్పకాలిక శిక్షణ ఇవ్వాలి. కుందేళ్లకు వైద్యం చేయగల డాక్టర్ల జాబితాను జిల్లాలవారీగా ప్రభుత్వాలు ప్రకటించాలి. దీనికి కొత్త భవనాలక్కర్లేదు.

అంతవరకూ పెంచేవాళ్లే జాగ్రత్తపడాలి. వారానికోసారి దవడ, పొట్ట, కాళ్ల కింద తడిమి చూడండి, వంటింటి తూకంలో బరువు చూసి రాసుకోండి. ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, కుందేలుకు మత్తిచ్చి ఆపరేషన్ చేసిన అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఎత్తుకునేటప్పుడు వెనక కాళ్లకు చెయ్యి ఆనించాలి, లేకపోతే విదిలించుకుని వెన్నెముక విరగ్గొట్టుకోవచ్చు. బుట్టలో గడ్డి పెట్టండి, వేసవిలో పొద్దున్నే బయల్దేరండి. పూట గడిచినా మేత ముట్టకపోయినా, పెంటికలు వేయడం మానేసినా రేపటిదాకా ఆగకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.