మూలం మురుగులో ఉంది

అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. ఫ్లెమింగోలు వాలే నీళ్లకు దక్కిన గౌరవమని సంబురపడ్డాం. కానీ బోర్డు పాతితే చెరువు బతుకుతుందా?

హైదరాబాద్ చుట్టూ చెరువులను గుర్రపు డెక్క మింగుతున్నది. పువ్వు అందానికి మురిసి దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న మొక్క ఇది. అనువైన నీళ్లలో రెండు వారాలకే రెట్టింపవుతుంది. ఎండను ఆపుతుంది, నీటిలో ప్రాణవాయువును తగ్గిస్తుంది. చేప చస్తుంది. చేప లేనిచోట కొంగ వాలదు, బెస్తల వల నిండదు. మిగిలేవి దోమలే.

అయితే డెక్కను మేపుతున్నదెవరు? మన అపార్ట్‌మెంట్ల మురుగే. అందులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. యంత్రాలు దింపుతారు, డెక్క తీస్తారు, బిల్లులు పాసవుతాయి. మురుగు మాత్రం ఆగదు, డెక్క మళ్లీ మొలుస్తుంది. ఇది శుద్ధి కాదు, కంటితుడుపు.

పక్కనే పటాన్‌చెరులో శుద్ధి కేంద్రం దాటొచ్చిన నీటిలోనూ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. శుద్ధి పేరుతో జరిగేదేమిటో చెప్పడానికి ఇంకేం కావాలి?

మేం అడిగేది ఒక్కటే. శుద్ధి కాని మురుగు చుక్క కూడా ఏ చెరువులో కలవొద్దు. డెక్క తీసే పని కాంట్రాక్టర్లకు కాదు, మత్స్య సహకార సంఘాలకివ్వాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ కాలనీ మురుగు ఏ చెరువులోకి పోతున్నదో నిలదీయండి. నీళ్ల కోసం కొట్లాడిన నేల ఇది. ఆ నీళ్లలో చేపకూ కొంగకూ వాటా ఉంది.