ఓడ వచ్చేదాకా ఆగే లెక్క

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. అక్కడి ఫీనిక్స్ బే రేవు నుంచి చుట్టుపక్కల దీవులకు పడవలు బయలుదేరుతాయి. ఆ దీవులలో బ్రతికేవారికి, వారిలో మన తెలుగువారూ ఎందరో ఉన్నారు, ఒక సంగతి చెప్పనక్కరలేదు: నేటి అవసరానికి చాలినంత సరుకే అంగడిలో ఉంటుంది, తక్కినది సముద్రం దాటి రావాలి. చెన్నై నుంచి ఓడకు సుమారు మూడు రోజులు.

మన కంప్యూటరు సంసారమూ ఇటువంటిదే. యంత్రంలో నడిచే ప్రతి ప్రోగ్రామూ విశాలమైన స్మృతిస్థలమంతా తన సొంతమేనని భ్రమపడుతుంది. ఆ భ్రమను పోషించేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్. అది స్మృతిని సాధారణంగా 4,096 బైట్ల పుటలుగా విభజించి, ఏ పుట నిజంగా ఎక్కడున్నదో ఒక పట్టికలో రాసి ఉంచుతుంది. కోరిన పుట దగ్గర లేదని పట్టికలో కనబడితే ప్రోగ్రాము ఆగుతుంది. కెర్నెల్ డిస్కు నుంచి ఆ పుటను తెప్పించి, పట్టిక దిద్ది, ఆగినచోటి నుంచే మళ్ళీ నడిపిస్తుంది. తాను ఆగినట్లు ప్రోగ్రాముకు తెలియనే తెలియదు.

పట్టిక ఒక్కటే అయితే అది యంత్రాన్నే మింగివేస్తుంది. 48 బిట్ల చిరునామాకు 6,800 కోట్లకు పైగా పుటలు. పుటకు 8 బైట్ల చొప్పున పట్టికకే 512 గిగాబైట్లు కావాలి. అందుచేత జిల్లా, మండలం, గ్రామం, ఇంటి నంబరు అన్నట్లు నాలుగు అంచెలుగా రాస్తారు. ఎవరూ కాపురముండని జిల్లాకు కింది పట్టికలే ఉండవు.

ఈ ఉపాయం 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు అట్లాస్ కంప్యూటరుతో ఆచరణలోకి వచ్చింది. దాని ప్రధాన స్మృతిలో సుమారు 16 వేల పదాలకే చోటు. తిరిగే అయస్కాంత పీపాలో 96 వేలు. ప్రోగ్రాము రాసేవారికి రెండూ ఒక్కటిగానే కనిపించేవి.

అయితే ఈ మాయకు హద్దున్నది. స్మృతి నుంచి తేవడానికి సెకనులో సుమారు కోటవ వంతు పడితే, తిరిగే డిస్కు నుంచి తేవడానికి దానికి లక్ష రెట్లు పట్టవచ్చు. ప్రోగ్రాములు మితిమీరితే, ఒకదాని పుటను పంపివేసి ఇంకొకదానిది తేవడం, మరుక్షణమే పంపినదానిని తిరిగి పిలవడం, ఈ రాకపోకలతోనే యంత్రం అలసిపోతుంది. 1968లో పీటర్ డెన్నింగ్ ఈ జాడ్యాన్ని విశ్లేషించి, ప్రతి ప్రోగ్రాముకు ఆ కాసేపటికి అవసరమైన పుటలను దగ్గరుంచడమే మందని చూపారు.

ఆ పట్టికే కాపలాదారు కూడా. తన పట్టికలో లేని పుట ప్రోగ్రాముకు లేనట్లే. మన బ్యాంకు లెక్కను పక్కనున్న ఆట చదవలేకపోవడానికి కారణమిదే. 2018లో వెల్లడైన ‘మెల్ట్‌డౌన్’ లోపం కొన్ని ప్రాసెసర్లలో ఈ కంచెకు గండి చూపింది. వేగం కొంత తగ్గినా సరేనని, కెర్నెల్ రచయితలు దాని పుటలను ప్రోగ్రాముల పట్టికల నుంచి దాదాపుగా తొలగించారు.

మీ యంత్రం మందగిస్తే, కొత్తది కొనే ముందు తెరచి మరచిన ప్రోగ్రాములను మూసి చూడండి. రేవులో చోటు చిక్కితే ఓడలు కదులుతాయి.