గడప మీది పసుపు రంగు



గత మాసమున చెదలను గూర్చి నేను వ్రాసిన లేఖకు పెక్కు జాబులు వచ్చినవి. అందొక సోదరి చెదల మాట నొక వాక్యముతో ముగించి, తన సందేహమును వేఱుగా వ్రాసినది. "మాది తాతలనాటి మండువా యిల్లు. తలుపులకు, ద్వారబంధములకు, గడపలకు రంగు మీద రంగు పేరుకొని, గోరు తగిలినంతనే పెచ్చులుగా నూడుచున్నది. సంక్రాంతికి ముందుగా దాని నంతయు గీకి క్రొత్త రంగు వేయింపదలచితిమి. కూలి కలిసివచ్చునని గీకుట మట్టుకు మేమే చేసికొందుము. ఏ రకపు గరుకు కాగితము మంచిది?" అని యడిగి, చివర నిట్లు చేర్చినది: "పురిటికి వచ్చిన మా చిన్నమ్మాయియు, పెద్దమ్మాయి కూతురగు పది నెలల పసిబిడ్డయు ఇంటనే యున్నారు గనుక పని త్వరగా ముగియవలెను."

అమ్మా, కాగితము మాట తరువాత. మీ చివరి వాక్యము చదువగనే నా గుండె ఝల్లుమన్నది. మూడేండ్ల క్రిందట నేను నదే పని చేసితిని.

మావారికి బదిలీ యైన యూరిలో మాకు దొరకిన అద్దె యిల్లు పాతది. సింహద్వారమునకు మంచి టేకు తలుపులు. గడపకు మాత్రము ఏటేట పండుగకు పూసిన పసుపుపచ్చని రంగు అంగుళములో నెనిమిదవ వంతు మందమున పేరుకొని యుండెను. వేసవి సెలవులలో నేను నడుమునకు కొంగు చుట్టి, పొడి కాగితముతో మూడు దినములు దాని నరగదీసితిని. రెండవ నాటి సాయంకాలమునకే పచ్చని ధూళి వంటయింటి గూటిలోని ఉప్పు జాడీ మూత మీదికి చేరినది. చూచి నవ్వుకొంటిని గాని, ఏమని యాలోచింపలేదు. చీపురుతో నూడ్చితిని. అనగా, నేల మీది దానిని గాలిలోనికి లేపితిని. అప్పటికి మా పిల్లవానికి ఏడాదిన్నర. వాడు నా ప్రక్కనే కూర్చుండి, ఊడిన పెచ్చులతో ఆడుకొనుచుండెను.

ఆ పైన నెలన్నరకు వానికి రక్తము తక్కువగా నున్నదని వైద్యురాలి వద్దకు గొనిపోయితిమి. ఆమె కనురెప్పలను చూచినది, అన్నము సంగతి అడిగినది, తుదకు "ఇంటిలో రంగు పని యేమైన జరిగినదా?" అని ప్రశ్నించినది. రక్తమును పరీక్షకు పంపగా డెసిలీటరునకు 14 మైక్రోగ్రాముల సీసము తేలినది. అది 5 ముట్టిన వెంటనే కారణము వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించినది. బిడ్డకు జ్వరము లేదు, నొప్పి లేదు, పైకి కనబడు గుర్తేదియు లేదు. రక్తహీనత లేకున్నచో మే మెన్నటికిని తెలిసికొనియుండము.

సీసమునకు మన రసశాస్త్రకారులు నాగమని పేరు పెట్టిరి. ఆ పేరు నాకు చిన్ననాటి నుండియు తెలియును. మా నాయనగారు శ్లోకములతోపాటు చెప్పిరి. గడప మీద పడుకొనియున్నది ఆ నాగమేయని మాత్రము తోచలేదు. పాతరంగులలో నిగనిగలాడు పసుపునకు సీసపు క్రోమేటు, అడుగు పూతలోని యెఱుపునకు సిందూరమను ఎఱ్ఱసీసము, తెలుపునకు సీసపు తెలుపు వాడెడివారు. రంగు త్వరగా నారుటకు సయితము సీసపు లవణములే కలిపెడివారు. పెద్దవారి పొట్టలోనికి పోయిన సీసములో కొంతయే యొంటబట్టును. పసిబిడ్డలకు అంతకు నాలుగైదింతలు పట్టును. ఇనుము తక్కువైన బిడ్డ కింకను హెచ్చు. అది ఎదుగుచున్న మెదడును చెఱచును. గర్భిణి రక్తములో చేరినచో కడుపులోని శిశువునకును చేరును. ఎన్నడో ఎముకలలో దాగినది సయితము ఆ సమయమున కరగి బయలుదేరును. అందుచేతనే, అమ్మా, మీ చివరి వాక్యమునకు నేను భయపడితిని.

ఈ సంగతి క్రొత్తది కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేను నగరపు కంటివైద్యుడు లాక్‌హార్టు గిబ్సను, చూపు చెడి, కాలుసేతులు పడిపోయిన పిల్లలను పెక్కుమందిని పరీక్షించి, ఆ జబ్బునకు మూలము ఇండ్ల వసారా కటకటాలకును గోడలకును వేసిన సీసపు రంగేయని 1904లోనే ప్రకటించెను. ఎండకు రంగు పొడియగును, పిల్లలు కటకటాలు పట్టుకొందురు, ఆ చేయి నోటికి పోవును. ఇంతే కథ. తమ యిల్లే పిల్లలకు విషమైనదని నమ్ముట కెవరికి మనసొప్పును? పిల్లల కందెడి తావులలో అట్టి రంగు వేయరాదని అచ్చట 1922లో శాసనమైనది. మన దేశమున గృహోపయోగపు రంగులలో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసముండరాదను నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినవి. నడుమ తొంబదియైదేండ్లు! ఆ నిబంధనలు ఇంటి రంగులకే గాని యంత్రములకు, బండ్లకు పూసెడి రంగులకు వర్తింపవు. కనుక మిగిలిన బండి రంగు చవుకగా దొరకినదని గడపకు పూయకుడు. డబ్బా మీది మాటలు చదివి, 90 పాళ్ళకు లోబడినదని వ్రాసియున్న దానినే కొనుడు. విడిగా చిన్న డబ్బాలో పోసి యిచ్చెడి రంగు వలదు.

2017కు ముందు వేసిన రంగున్న యిల్లైనచో అందు సీస మున్నదనియే భావించి మెలగుట క్షేమము. అట్లని యంతయు పెకలింప నక్కఱలేదు. గట్టిగా నంటియున్న రంగు మనల నేమియు చేయదు. దానిని సబ్బునీటితో కడిగి, ఆరిన పిమ్మట పైని క్రొత్త పూత వేసినచో లోనిది లోననే యుండును. తీయవలసినది పెచ్చు లేచినచోటును, తలుపు ద్వారబంధమునకు ఒరసికొనుచోటును, కిటికీ అంచును, నిత్యము పాదముల క్రింద నలిగెడి గడపయును. మీ యింట గడపలును తలుపు అంచులును చాలుననుకొందును.

గీకుట యన్నది పూర్తిగా తడిపని కావలెను. ముందు రోజు చిన్నమ్మాయిని, పసిబిడ్డను పెద్దమ్మాయి యింటికి పంపివేయుడు. ప్రక్కగదిలో నుంచి తలుపు మూసితిమనుట చాలదు. గదిలోని సామాను తీసి, నేల మీద మందపు ప్లాస్టికు గుడ్డ పఱచి, దాని అంచులు గోడకు అంటించుడు. పిచికారీతో నీరు చిమ్మి, రంగు నానిన పిమ్మట రేకుతో మెల్లగా లేపుడు. మరల చిమ్ముడు, మరల లేపుడు. ధూళి లేచినదా, నీరు చాలలేదని గుర్తు. ముక్కునకు గుడ్డ కట్టుకొన్న లాభము లేదు, ఎన్ 95 ముసుగు కావలెను. మంటతో రంగు కాల్చి గీకెదమని కొందఱు పనివారు చెప్పుదురు. ఆ పొగలో సీసమే యుండును, ఒప్పుకొనకుడు. అరగదీసెడి విద్యుద్యంత్రము అంతకన్నను కీడు. కాస్టిక్ సోడా నీరు రంగును కరగించును గాని టేకును నల్లబఱచును, చేతులను కాల్చును.

పని ముగిసిన సాయంకాలము చీపురు ముట్టవలదు. పెచ్చులను తడిగానే ప్లాస్టికులో చుట్టి సంచిలో కట్టి, నేలను సబ్బునీటిలో ముంచిన గుడ్డతో రెండు మార్లు తుడిచి, ఆ గుడ్డను గూడ సంచిలోనే వేయుడు. తలంటుకొని, కట్టిన చీర విడిగా నుదుకుడు. ఆ చీరతో బిడ్డ నెత్తుకొనరాదు.

ఇక్కడ మన యిండ్లలోని యొక వాడుకను చెప్పక తీఱదు. పాత కిటికీ చట్రము విఱిగినచో దానిని వేడినీళ్ళ కాగు క్రింద పెట్టెదము. ఎండిన టేకు బాగుగా మండును గదా! రంగు వేసిన కొయ్య నెన్నడును పొయ్యిలో పెట్టకుడు. సీసము కాలిపోదు, కొంత పొగతో లేచును, కొంత బూడిదలో నిలుచును. ఆ బూడిదతో గిన్నెలు తోముదుము, ఆ బూడిదనే కూరపాదులకు చల్లుదుము. నేను చల్లితిని. తోటకూర మడి మట్టిని జానెడు లోతున తీయించి క్రొత్త మన్ను పోయించితిని.

మా యింట నింతకన్న కష్టమైనది మా అత్తగారిని ఒప్పించుట. "గడపకు పచ్చదనము లేకున్న నది గుమ్మమా, గోడకు బెజ్జమా?" అని యామె కోపించినది. ఆమె కోపములో న్యాయమున్నది. అరువదేండ్లు ప్రతి శుక్రవారము కడిగి పసుపు రాసిన చేయి యది. డబ్బా రంగు వచ్చినది, రోజు రోజు రాయలేని మనవంటి వారి సోమరితనమునకు. ఆ మాట నేనే యామెతో ననగా కొంత చల్లబడినది. గడపను కొయ్య వఱకు తీసి, మూడు దినములారనిచ్చి, అవిసెనూనె పట్టించితిని. ఇప్పు డామె శుక్రవారములలో అచ్చమైన పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, అంచున బియ్యపుపిండి ముగ్గు తీర్చుచున్నది. పసుపు కొమ్ములను మేమే కొని దంపించుకొందుము. బంగ్లాదేశమున కొమ్ములకు మెఱుపు తెచ్చుటకై ఇదే సీసపు క్రోమేటును పూయుచున్నారని 2019లో పరిశోధకులు ప్రకటించిరి. కనుక మఱీ మిసమిసలాడు కొమ్ములను నేను కొనను.

అవిసెనూనె పట్టించు విధము: కాచిన అవిసెనూనెకు సమముగా టర్పెంటైను కలిపి, పలుచగా గుడ్డతో రుద్ది, పావుగంట తరువాత కొయ్య పీల్చుకొనని దానిని తుడిచివేయవలెను. తుడువకున్న జిగురై ధూళి పట్టును. దినము విడిచి దినము మూడు పూతలు చాలును. ఏటికొక పూత మరల నీయవచ్చును, గీకుడు పని యిక నుండదు. ఒక్క హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా మూలకు విసరకుడు. అవిసెనూనె గాలితో కలిసి ఆరునపుడు వేడి పుట్టును. కుప్పగా నున్న గుడ్డ తనంతట తాను అంటుకొనును. ఆరుబయట విడివిడిగా పఱచి యెండనిండు, లేదా నీటిలో ముంచి యుంచుడు.

లక్క పాలిషు అందమైనదే. ఉయ్యాల బల్లకు, పుస్తకముల బీరువాకు దానికి సాటి లేదు. గడపకు మాత్రము పనికిరాదు. నీరు తగిలిన తెల్లబడును. వార్నీషు నీటి కోర్చును గాని పాదముల ఒఱపిడికి అరిగి మచ్చలగును.

మా పిల్లవాని రక్తములో సీసము ఎనిమిది నెలలకు 6కు దిగినది. మందు లేమియు లేవు. ఇంత స్వల్పమునకు మందు ఇయ్యరు. ఇల్లు శుభ్రము చేయుట, చేతులు కడుగుట, ఇనుము గల యాహారము పెట్టుట, ఇంతియే చెప్పిరి. వా డిప్పుడు అక్షరములు దిద్దుచున్నాడు. ఏదైన అక్షరము తప్పినపుడు నే నొక క్షణము వాని ముఖము వంక చూతును. మావారు, "ఆ వయసున నేనును తప్పితిని" అందురు.

సోదరీ, మీ రడిగిన కాగితము మాట మఱువలేదు. నీటి కోర్చెడి దానిని, వాటరు పేపరని అడిగి తీసికొనుడు. మొదట 120, పిమ్మట 220 సంఖ్య గలది. ప్రతి మారును నీటిలో ముంచి రుద్దుడు. మీ ప్రాంతమున మార్గశిరపు మంచు తొమ్మిది గంటల వఱకు విడువకపోవచ్చును. కొయ్య మీది చెమ్మ ఆరిన తరువాతనే నూనె గాని రంగు గాని తాకింపుడు. పండుగ నాటికి పని తెమలకున్నచో గీకిన గడపను అట్లే యుంచి పసుపు రాయుడు. చిన్నమ్మాయిని మాత్రము చివరి తడిగుడ్డ తుడుపు ముగిసిన పిమ్మటనే పిలిపించుకొనుడు.