గోడకి తగిలించకండి!

మా మరిది 1983లో మాస్కోలో ఇంజనీరింగు చదువు ముగించుకుని గాంధీనగర్ ఇంటికి తిరిగొచ్చాడు. ఊలు కోటో, బొమ్మలో బొమ్మో తెస్తాడని మేమందరం ఎదురుచూస్తే, ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడు మహానుభావుడు. పేరు ‘ఉరాల్’. స్వెర్డ్‌లోవ్‌స్క్ ఊళ్ళో చేసిన సరుకు. (సోవియట్ యూనియన్ విడిపోయిన 1991లోనే ఆ ఊరికి యెకాతెరిన్‌బర్గ్ అన్న పాత పేరు మళ్ళీ వచ్చింది.) మా అత్తగారు దాన్ని ఎత్తి చూసి, “రుబ్బురోలుకి మెడ తగిలించినట్టుందిరా!” అన్నారు. ఆవిడ మాట అబద్ధం కాదు.

రెణ్ణెల్లు మోగించి, ఉద్యోగం రాగానే దాన్ని అటకెక్కించేశాడు. అంతే, నలభై ఏళ్ళు అక్కడే పడుంది. మొన్న మా అబ్బాయి కిందికి దింపి, దుమ్ము దులిపి, “అమ్మా, ఇప్పుడిది వింటేజ్! డ్రాయింగు రూములో తగిలిద్దాం, పైన చిన్న లైటు పెడితే అదిరిపోతుంది” అన్నాడు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఏం, వాయించకూడదా?

“పనికిరాదమ్మా” అన్నాడు. ఎందుకట? లోకంలో గిటార్లన్నిటికీ లావుపాటి ఒంటి పిన్ను ఉంటే, దీనికి పాత టేపురికార్డర్ల మాదిరి అయిదు కాళ్ళ ప్లగ్గు. ఇక్కడి యాంప్లిఫయరు దేనికీ పట్టదు. పట్టకపోతే పనికిరానిదేనా? కోఠీలో గుజరాతీ గల్లీకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు రెండు తీగలు అతికి, ఈ చివర అదీ ఆ చివర ఇదీ పెట్టి అరగంటలో ఇచ్చేశాడు. నలభై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ తోచని పని అది!

గుణాలు మాత్రం ఉన్నాయి, దాచను. ట్యూబులైటు వేస్తే గుర్రుమంటుంది. పక్కింట్లో మిక్సీ ఆడితే బుసకొడుతుంది. తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్టలు తీగల కదలికతోపాటు చుట్టుపక్కల కరెంటు రొదనీ పట్టేస్తాయి మరి. లైటార్పి, కాస్త పక్కకి తిరిగి కూర్చుంటే సగం తగ్గుతుంది. మెడ లావు, తీగలు ఎత్తు, వేళ్ళు కాయలు కాస్తాయి. ఊపే కడ్డీ ఒకటుంది, దాన్ని ముట్టుకున్నారో శ్రుతి గోవిందా! ముట్టుకోకుండా ఉంటే సరి. ఇంతకన్నా మొండివాళ్ళతో మనం కాపరాలు చెయ్యలేదూ?

అసలు తగువు వేరే ఉంది. అది కావాలన్నది మా మనవరాలు. దాంతో చుట్టాలు అందుకున్నారు. “ఆడపిల్లకి గిటారేమిటి? అందులోనూ కరెంటుది! శుభ్రంగా వీణ నేర్పించరాదూ?” అని. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తే లోకమంతా చెవులప్పగించి వినలేదా? కరెంటు వల్ల సంగీతం మైలపడుతుందని అప్పుడు లేనిది ఇప్పుడెందుకు?

పోనీ వీణ సంగతే చెబుతాను. నేను ఏడేళ్ళు నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో ఒక్క కీర్తన వాయించాను. కాపరానికి నాతోపాటు వచ్చిన వీణని షోకేసు పక్కన నిలబెట్టి ముఖమల్ గుడ్డ కప్పారు. వచ్చినవాళ్ళందరికీ “మా కోడలు వీణ వాయిస్తుంది” అని చెప్పేవారు. వాయించమని ఎవరూ అనలేదు, నేనూ కూర్చోలేదు. కూర్చుంటే పొయ్యి మీద పప్పు ఎవరు చూస్తారు? మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది, ఒక్కసారి గుడ్డ తీసి చూడండి. మా దాని మేళం మైనం ఎండి పగిలిపోయి, మెట్లు కదిలిపోయాయి. వాయించక పాడైంది అది. గౌరవమంటే ఇదేనా? ఇప్పుడు ఈ గిటారుకీ అదే గౌరవం చేస్తామంటే నేనొప్పుకోను గాక ఒప్పుకోను.

మనవరాలు రోజూ సాయంత్రం ఆరింటికి ట్యూబులైటు ఆర్పేసి కూర్చుంటోంది. ఆ గంటా నేను వంటింట్లో మిక్సీ జోలికి పోను, చట్నీ ముందే రుబ్బుకుంటాను. ఇప్పటికింకా మూడు స్వరాలే తిన్నగా పలుకుతున్నాయి. మా అబ్బాయి గోడకి కొట్టించిన మేకు అలాగే ఉంది. దానికి కూరల సంచీ తగిలిస్తున్నాను.